కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టడం: అపోహలు - వాస్తవాలు

ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్ (బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు) చిమ్నీలను చూసి, పైకి పోయేదంతా కార్బన్ డై ఆక్సైడే అనుకుంటారు చాలామంది. బొగ్గు పొగలో అది 12-15 శాతమే. మిగతాదాంట్లో ఎక్కువ నైట్రోజన్, నీటి ఆవిరి. పేడ గ్యాస్‌లో 35-40 శాతం, మనం పీల్చే గాలిలో 0.04 శాతం. ఈ అంకె తేలకుండా దాన్ని పట్టే పదార్థం ఎంచుకోవద్దు.

అపోహ: పొగను సున్నపు నీళ్లలోంచి పంపితే చాలు.

వాస్తవం: పట్టడమైతే పడుతుంది. కానీ లీటరు సున్నపు తేటలో కరిగేదే 1.7 గ్రాముల సున్నం, అది పట్టేది ఒక్క గ్రాము. చిక్కటి సున్నపు పాలు వాడినా అసలు లెక్క మారదు. పిడుగురాళ్ల బట్టీల్లో 100 కిలోల సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం వస్తుంది, 44 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఆ సున్నం తిరిగి పట్టగలిగేది మహా అయితే ఆ 44 కిలోలే. బట్టీలో వేసిన బొగ్గు పొగ అదనం.

అపోహ: ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచి పదార్థం.

వాస్తవం: పట్టిన గ్యాస్‌ను వదిలించి, పదార్థాన్ని మళ్లీ వాడాలి. ఖర్చంతా ఆ వదిలించడంలోనే ఉంది. 30 శాతం మోనోఇథనాలమైన్ (కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టే అమైన్ రసాయనం) ద్రావణం 40-60 డిగ్రీల దగ్గర పట్టి, 120 డిగ్రీల దగ్గర వదులుతుంది. పూర్తిగా వదలదు కూడా. మోల్ (రసాయనాల్లో అణువుల లెక్క) అమైన్‌కు 0.2 మోల్ కార్బన్ డై ఆక్సైడ్ మిగిలే ఉంటుంది, మళ్లీ 0.45 దాకా నిండుతుంది. అంటే కిలో ద్రావణం ఒక చుట్టులో మోసేది 54 గ్రాములే. టన్ను పట్టాలంటే 18 టన్నులకు పైగా ద్రావణాన్ని కాచి చల్లార్చాలి. దానికి 3.5-4 గిగాజౌళ్ల వేడి, అంటే 1.6-1.8 టన్నుల ఆవిరి కావాలి. ఆ ఆవిరిని టర్బైన్ దగ్గరే తీసుకుంటే అంతమేర కరెంటు తగ్గుతుంది. అందుకే ప్లాంటు కొనేవాళ్లు మొదట అడగాల్సింది టన్నుకు ఆవిరి ఎంత అనే.

అపోహ: అమైన్ చిక్కగా కలిపితే ఎక్కువ పడుతుంది.

వాస్తవం: ముందు తుప్పు పడుతుంది. రీబాయిలర్ (ద్రావణాన్ని కాచే పాత్ర) గొట్టాలు, వేడి రిచ్ ద్రావణం (గ్యాస్ నిండినది) పారే పైపులు కార్బన్ స్టీల్‌వైతే తొందరగా తినేస్తుంది. పొగలోని ఆక్సిజన్ అమైన్‌ను విరగ్గొడుతుంది. సల్ఫర్ డై ఆక్సైడ్ 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) దాటితే, ఎంత కాచినా విడిపోని ఉప్పులు పేరుకుంటాయి. నీళ్లలా పోసిన ద్రావణం టీ డికాషన్ రంగుకు తిరిగిందంటే ఇదే జరుగుతోందన్నమాట. తర్వాత వచ్చేది నురగ. కొలజాడీలో 200 మిల్లీలీటర్లు పోసి, గాలి ఊది ఆపి, నురగ ఎన్ని సెకన్లలో అణుగుతుందో వారంవారం రాసిపెట్టండి. సెకన్లు పెరుగుతుంటే ముందు ఫిల్టర్లు చూడండి. యాంటీఫోమ్ (నురగను అణిచే మందు) పోయడం ఆ తర్వాతే.

ఇంకో మాట. విజయవాడలో మే నెలలో కూలింగ్ టవర్ నీళ్లే 30 డిగ్రీలు దాటుతాయి. పొగను చల్లార్చే గ్యాస్ కూలర్ సైజును ఆ నెలకే లెక్కకట్టాలి, ఏడాది సగటుకు కాదు.

అపోహ: ల్యాబ్‌లో బాగా పట్టిన జియోలైట్ (సన్నని రంధ్రాల్లో గ్యాస్‌ను పట్టే గుళికలు) చిమ్నీ దగ్గరా అంతే పడుతుంది.

వాస్తవం: బాగా ఆరిన జియోలైట్ 13ఎక్స్ గుళికలు పిడికెడు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. బుసబుసా బుడగలొచ్చి గ్లాసు వేడెక్కుతుంది. నీళ్లంటే దానికి అంత ఆకలి. తడి పొగ పంపితే ఆ రంధ్రాలన్నీ నీళ్లే ఆక్రమిస్తాయి. మళ్లీ పనికి రావాలంటే 300-350 డిగ్రీల దగ్గర పొడి గ్యాస్ పంపుతూ గంటల తరబడి ఆరబెట్టాలి. బ్రోషర్‌లో గ్రాముకు ఇన్ని మిల్లీమోల్స్ (మోల్‌లో వెయ్యో వంతు) పడుతుందని రాసి ఉంటే, ఆ అంకె పొడి గ్యాస్‌తో తీసిందా, ఏ పీడనం దగ్గర తీశారు అని అడగండి. స్వచ్ఛమైన గ్యాస్‌తో 1 బార్ దగ్గర తీసిన అంకె, కార్బన్ డై ఆక్సైడ్ వంతు పీడనం 0.15 బార్ మాత్రమే ఉండే పొగకు వర్తించదు.