ఉత్తర కిరీటం పక్కన ఖాళీ చోటు: గోదావరి డెల్టాలో నోవాకు కాపు కాయడం ఎలా

ఉత్తర కిరీటం అనే చిన్న నక్షత్రమండలం అంచున టీ కరోనే బొరియాలిస్ అనే తార ఉంది. మామూలు రోజుల్లో దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) 10. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. చీకటి ఆకాశంలో మంచి చూపున్న కంటికి అందే హద్దు 6. ఆ హద్దులోని చుక్కకంటే ఇది ఇంకా 40 రెట్లు మసక. అలాంటి తార 1866 మే 12న రెండో మాగ్నిట్యూడ్‌కు, 1946 ఫిబ్రవరి 9న మూడో మాగ్నిట్యూడ్‌కు వెలుగెక్కింది. రెంటి మధ్య దాదాపు 80 ఏళ్లు. ఆ లెక్కన మళ్లీ పేలే కాలం మన కాలమే. పెరగడానికి దానికి కొన్ని గంటలు చాలు, కంటికి కనబడకుండా పోవడానికి వారం చాలు. అందుకే వార్త చదివి తర్వాత చూద్దామనుకునేవాళ్లకు ఇది సగమే దక్కుతుంది.

ఇక్కడ చచ్చిపోతున్న తార ఏదీ లేదు. సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక అరుణ మహాతార (ఉబ్బిన ఎర్రని తార), ఒక శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన చిన్న తార) 227 రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టి వస్తుంటాయి. మహాతార నుంచి జారే హైడ్రోజన్ శ్వేత కుబ్జం మీద పొరగా పేరుకుంటుంది. పొర అడుగున ఒత్తిడి, వేడి ఒక హద్దు దాటితే కేంద్రక సంలీనం (హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయే చర్య) ఒక్కసారిగా అంటుకుని పొరంతా ఎగిరిపోతుంది. దీన్నే నోవా అంటారు. అడుగున ఉన్న తార చెక్కుచెదరదు, మళ్లీ పొర పేర్చుకోవడం మొదలెడుతుంది. చాలా నోవాలకు ఈ చక్రం తిరగడానికి వేల ఏళ్లు పడుతుంది. ఈ శ్వేత కుబ్జం బరువు సూర్యుడికి సుమారు 1.37 రెట్లు, అంటే శ్వేత కుబ్జం నిలవగల గరిష్ఠ బరువైన చంద్రశేఖర్ హద్దు 1.4కు అంగుళం దూరంలో ఉంది. గురుత్వం అంత గట్టిగా నొక్కుతుంటే కొద్దిపాటి హైడ్రోజనే సరిపోతుంది. మన పాలపుంతలో ఇలా మళ్లీ మళ్లీ పేలేవి పది వరకే తెలుసు.

తేదీ చెప్పగలరా అంటే, చెప్పినవాళ్లు ఉన్నారు. 1946కు ముందు ఈ తార కొన్నేళ్లు కాస్త ఎక్కువ వెలిగి, పేలుడుకు ఏడాది ముందు మసకబారింది. 2015 నుంచి అదే వరస కనిపించి, 2023 వసంతంలో మసకబారడం మొదలైంది. దాన్నిబట్టి 2024 అన్నారు, ఏమీ జరగలేదు. 227 రోజుల కక్ష్యాకాలపు గుణిజాలతో 2025 మార్చి 27 అని ఇంకో లెక్క వచ్చింది, అదీ దాటిపోయింది. వివరంగా నమోదైన ముందు ఉదాహరణ ఒక్కటే, పైగా జారే హైడ్రోజన్ ఎప్పుడూ ఒకే జోరున జారదు. ఇలాంటి ఆధారంతో రోజు పేరుపెట్టి చెప్పే తేదీని క్యాలెండర్లో రాసుకోవడం దండగ. రోజూ ఒక చూపు చూడటమే నయం.

ఆ చూపుకు చోటు తెలియాలి. సప్తర్షి మండలం తోకలో అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి వరసగా ఉంటారు. ఆ వంపును అలాగే పొడిగిస్తే నారింజ రంగులో మెరిసే స్వాతి వస్తుంది. స్వాతి నుంచి అభిజిత్‌కు గీత గీస్తే, మూడో వంతు దూరంలో (చాచిన చేతికి రెండు పిడికిళ్లు) చిన్న అర్ధవలయం ఉంటుంది. అందులో కాంతిగల చుక్క ఆల్ఫెక్కా, మాగ్నిట్యూడ్ 2.2. మిగతావి 3.7 నుంచి 5 వరకు. భీమవరం, అమలాపురం నడిబొడ్డున ఆల్ఫెక్కా, మహా అయితే ఇంకో రెండు కనబడతాయి. ఊరి బయటికి వస్తేనే వలయం పూర్తవుతుంది. వలయం తూర్పు కొస దగ్గర ఎప్సిలాన్ (4.1) ఉంటుంది. ఈశాన్యాన మండలం పైకి వస్తున్నప్పుడు అది కింది కొస. దానికి కుడిపక్కన, కాస్త కిందుగా, చిటికెన వేలి మందమంత ఎడంలో, వలయానికి బయట ఉన్న ఖాళీయే మన చోటు. ఆ ఖాళీ మామూలుగా ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి. అలవాటు లేనివాళ్లకు అక్కడ కొత్త చుక్క పుట్టినా పాతదే అనిపిస్తుంది.

డెల్టా అక్షాంశం 16.5 డిగ్రీల దగ్గర కాబట్టి ఈ తార నడినెత్తికి పది డిగ్రీల లోపే ఉత్తరంగా దాటుతుంది. కొబ్బరితోటలు దిగువ ఆకాశాన్ని మూసేసే చోట ఇది వరమే. మే మూడో వారంలో రాత్రి 9కి సగం ఎత్తుకు వస్తుంది, అర్ధరాత్రి నెత్తిమీద ఉంటుంది. ఆగస్టు మొదట్లో చీకటి పడేసరికే నడినెత్తిన ఉంటుంది, కాకపోతే అవి వానరోజులు. మబ్బు పూర్తిగా తొలగాలని కూర్చోకండి. అర్ధవలయం పట్టేంత సందు అయిదు నిమిషాలు తెరుచుకుంటే పని అయిపోతుంది, పైగా వాన కడిగిన ఆకాశంలో చుక్కలు బాగా తేలతాయి. అక్టోబరు మధ్యలో రాత్రి 7కే పడమట 25 డిగ్రీలకు దిగిపోతుంది. నవంబరులో ఇంచుమించు సూర్యుడి వెంటే ఉదయించి అస్తమిస్తుంది, ఆశ వదులుకోవాలి. సంక్రాంతికి తెల్లవారుజామున 5కి తూర్పు–ఈశాన్యాన 40 డిగ్రీల ఎత్తులో దొరుకుతుంది, పొలాల మీద మంచు దిగకపోతే. భోగి నాడు మాత్రం పొగ వల్ల లాభం లేదు. అమెరికా ఔత్సాహికుడు లెస్లీ పెల్టియర్ 1920 నుంచి ఈ తారనే కనిపెట్టుకుని ఉన్నాడు. సరిగ్గా 1946 ఫిబ్రవరిలో తెల్లవారుజామున లేచి, జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నాడు. అది పేలింది ఆ రాత్రే.

కాలువ గట్టో, మేడ మీదో చాలు. చెరువుల మీద లైట్లున్న వైపు వీపు పెట్టి, గోడ నీడలో నిలబడి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. గట్టు మీద పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి టార్చి తప్పదు; దానికి ఎర్ర జిలటిన్ కాగితం రెండు పొరలు చుట్టండి. బైనాక్యులర్లు 7×50 గానీ 10×50 గానీ అయితే మంచిది. ఏసీ గదిలోంచి తెస్తే అద్దాలకు తేమ పడుతుంది. దాన్ని తుడిస్తే పూత గీసుకుపోతుంది, కాబట్టి బట్టలో చుట్టి అరగంట బయట వదిలేయండి. డెల్టా చెమ్మకు అద్దాల లోపల బూజు పట్టడం మామూలే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. పేలుడు ముందు తారను బైనాక్యులర్లతో పట్టడం ఇక్కడి గాలిలో కష్టం, 80 మి.మీ. టెలిస్కోపు కావాలి. ఎదురుచూసే పనికి మాత్రం అదేమీ అక్కర్లేదు.

పొరపాటు ఎక్కువగా ఆల్ఫెక్కా దగ్గరే జరుగుతుంది. మొదటిసారి చూసేవాళ్లు అదే నోవా అనుకుంటారు. ఆల్ఫెక్కా వలయంలోనే ఒక చుక్క, నోవా వలయం బయట వస్తుంది. గ్రహమేమో అన్న అనుమానం పెట్టుకోకండి. గ్రహాలు అనూరాధ, జ్యేష్ఠల దారిన పోతాయి, ఇటు రావు. ఉపగ్రహం, విమానం అయితే పది నిమిషాల్లో చోటు మారుతుంది. ఫోన్ ఫొటోలో కొత్త చుక్క కనబడితే ఫోన్‌ను కాస్త తిప్పి ఇంకోటి తీయండి: అద్దపు ప్రతిబింబమైతే జరుగుతుంది, తారైతే పక్క చుక్కలతోపాటే ఉంటుంది. ఆపై పక్కనున్నవాళ్లను పిలిచి, ఏమీ చెప్పకుండా, ఆ వలయం చుట్టూ ఉన్న చుక్కలు గీయమనండి.

నిజమే అని తేలితే వెలుగు అంచనా వేయాలి. ఆల్ఫెక్కా 2.2, ఎప్సిలాన్ 4.1, కొత్త చుక్క సరిగ్గా మధ్యస్థంగా ఉంటే 3.1 లేదా 3.2. తదేకంగా చూడకండి, ముఖ్యంగా రోజులు గడిచి చుక్క ఎర్రబడ్డాక. ఎర్రని చుక్కను ఎంతసేపు చూస్తే అంత వెలుగుగా తోస్తుంది. మార్చి మార్చి ఒక్కో క్షణం చూడాలి. ఈ మాగ్నిట్యూడ్ కొలతకు నేటి గణితరూపం ఇచ్చిన నార్మన్ పోగ్సన్ తర్వాత మద్రాసు వేధశాలలో పనిచేశాడు. 1863 మేలో అక్కడి నుంచే యూ స్కార్పియై అనే మరో మళ్లీ మళ్లీ పేలే నోవాను కనిపెట్టాడు. అది పదేళ్లకోసారి పేలుతుంది గానీ మసక, కంటికి ఆనదు.

తేదీ, గంట, నిమిషం రాసి, భారతీయ కాలం నుంచి 5:30 గంటలు తీసేసి ప్రపంచ కాలం కూడా రాయండి. 1911లో ఏర్పడిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ ఎవరి పరిశీలననైనా తీసుకుంటుంది. వాళ్ల తాజా కాంతి రేఖాచిత్రం (తార వెలుగు మార్పు చూపే గ్రాఫు) చూసి ఆ తర్వాతే ఊరంతా చాటండి. ఏమీ కనబడని రాత్రిని కూడా "5.0 కంటే మసక" అని పంపొచ్చు, పేలుడు ఏ గంటలో మొదలైందో తేల్చడానికి అలాంటి నమోదులే పనికొస్తాయి. వారం గడిచి చుక్క కంటికి ఆనకుండా పోయాక కూడా పుస్తకం మూసేయకండి. గత రెండుసార్లూ వంద రోజులు దాటాక అది మళ్లీ కొంచెం వెలిగి 8 దగ్గరకు వచ్చింది, అప్పుడు దాన్ని బైనాక్యులర్లు పట్టగలవు.