కుట్టే పేరు, కుట్టని నుసుములు

వానలు వెనకబట్టాక బందరు కాలువ గట్టున రాత్రి దీపం వెలిగితే తెల్లారేసరికి దాని కింద గుప్పెడు నుసుములు రాలి ఉంటాయి. గుంటూరు పల్లెల్లో గొర్రెలకు నీలి నాలుక (బ్లూటంగ్ అనే వైరస్ జబ్బు) తగిలిందంటే నింద అన్నిటి మీదా పడుతుంది. ఆ వైరస్‌ను మోసేవి క్యూలికాయిడిస్ ప్రజాతిలో కొన్ని జాతుల ఆడ నుసుములు మాత్రమే. మిగతా గుప్పెట్లో ఎక్కువ భాగం కైరోనమిడ్లు, అంటే నుసుముల్లాగే కనిపించే వేరే కుటుంబం పురుగులు. వాటికి కుట్టే మూతే లేదు. ఇంకొన్నిటికి మూతి ఉంది, కానీ వాటి వేట సాటి పురుగుల మీద.

ఈ కలగాపులగం పేర్లలోనూ ఉంది. జర్మనీకి చెందిన కీటక శాస్త్రవేత్త మైగెన్ ఒకే నుసుముల ప్రజాతికి 1800లో హీలియా అనీ, 1803లో సెరటోపోగన్ అనీ పేర్లు పెట్టాడు. రెండో పేరుకు ‘కొమ్ము గడ్డం’ అని అర్థం. మగ నుసుము మీసాల మీది కుచ్చును చూస్తే ఆ పేరు ఎంత బాగా అతికిందో తెలుస్తుంది. ఈ పురుగుల్ని, వాటి చుట్టాలైన క్యూలికాయిడిస్ వంటివాటిని చాలాకాలం కైరోనమిడ్ల కుటుంబంలోనే కలిపేశారు. విడదీశాక కూడా కొత్త కుటుంబాన్ని కొందరు హీలీడే అంటే కొందరు సెరటోపోగనిడే అన్నారు. 1800 నాటి మైగెన్ పేర్లను అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం 1963లో పక్కన పెట్టడంతో ఆ తగువు తెగి సెరటోపోగనిడే నిలిచింది. మన దగ్గర దొరికే క్యూలికాయిడిస్ ఆక్సిస్టోమా, పెరిగ్రినస్‌లకు 1910లో కీఫర్ అనే కీటక శాస్త్రవేత్త పేర్లు పెట్టాడు.

సెరటోపోగనిడే కుటుంబంలో ఇప్పటికి వర్ణించిన జాతులు 6,000 దాటాయి, బతికున్న ఉపకుటుంబాలు నాలుగు. వేటగాళ్లు దాదాపు అన్నీ సెరటోపోగనినే అనే ఉపకుటుంబంలోనే ఉంటాయి. బెజ్జియా, పాల్పోమైయా వంటివాటి ఆడవి గుంపుగా ఎగిరే కైరోనమిడ్లలోకి దూరి ఒకదాన్ని పట్టుకుంటాయి. దానికి మూతి గుచ్చి, మాంసకృత్తుల్ని కరిగించే లాలాజలం ఎక్కించి, లోపలి సరుకంతా పీల్చేస్తాయి. కొన్ని తెగల్లో ఆ ఎర సొంత జాతి మగదే: జతకడుతుండగానే పీల్చేస్తే డొల్ల రాలిపోతుంది, జననాంగం మాత్రం ఆడదానికి అతుక్కునే ఉంటుంది. ఆడదాని పొట్ట చివర అది కనిపిస్తే జాతిని పోల్చుకోవడం సులువు; వర్గీకరణ చేసేవాళ్లకు ఇదో వింత లాభం.

వేరు చేయాలంటే పురుగుల్ని ఎండనివ్వకుండా 70 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. ఎండితే ముడుచుకుపోయి గుర్తులు చెడతాయి. 10 శాతం కాస్టిక్ పొటాష్‌లో ఒళ్లు తేటపరిచే ముందే రెక్క కోసి విడిగా అమర్చాలి, లేకపోతే అది నలిగిపోతుంది. రెక్క మధ్య ఈనె రెండుగా చీలితే సెరటోపోగనిడ్, చీలకపోతే కైరోనమిడ్. రెక్కల మీద మచ్చలు, వీపు ముందంచున రెండు చిన్న గుంటలు, సమానమైన పొట్టి గోళ్లు ఉంటే అనుమానం క్యూలికాయిడిస్ మీదికే వెళ్లాలి. మచ్చల్లేని జాతులూ ఉన్నాయి కాబట్టి ఒక్క రెక్కనే నమ్మకూడదు. బెజ్జియాకు ముందు తొడల కింద ముళ్లుంటాయి. దవడ పళ్లు కూడా వేటగాళ్లకు మోటుగా, రక్తం తాగేవాటికి సన్నగా ఉంటాయి.

పురుగు ఏదో తేలితేనే మందు ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. బెజ్జియా పిల్లలు నీళ్లలో పాముల్లా ఈదుతూ ఇతర పురుగుల పిల్లల్ని తింటాయి. గొర్రెకు ముప్పు తెచ్చేవి ఎక్కువగా దొడ్డి పక్కన, పేడ కలిసిన బురదలో పెరుగుతాయి. కాలువ నీళ్లలో మందు కలిపితే ముందు పోయేది బెజ్జియాలే, దొడ్డి బురద మాత్రం అలాగే ఉంటుంది.