మహమ్మారి కాలంలో ఉద్యోగి హక్కులు: అపోహలు – వాస్తవాలు

కార్మికుల తరఫున కేసులు వాదించడం నా వృత్తి. 2020 వేసవిలో నాకు ఫోను చేసినవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక కాగితం మీద సంతకం చేసేశారు. ఎందుకు చేశారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "కరోనా కదండీ, ఇప్పుడు చట్టాలెక్కడున్నాయి?" ఆ నమ్మకం వాళ్లకు ఎంత నష్టం తెచ్చిందో దగ్గరుండి చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మహమ్మారి వస్తే కార్మిక చట్టాలు పక్కకు పోతాయి.

ఈ వాదనను సుప్రీంకోర్టే తిరస్కరించింది. ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు పని చేయించుకోవచ్చని 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం అక్కర్లేదు, మామూలు రేటు చాలంది. కార్మిక సంఘాలు కోర్టుకెక్కాయి. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం అక్టోబర్ 1న దాన్ని కొట్టేసింది. ఫ్యాక్టరీల చట్టం చెప్పే 'ప్రజా అత్యవసర పరిస్థితి' అంటే యుద్ధం, విదేశీ దురాక్రమణ, ఆంతరంగిక కల్లోలం వల్ల దేశ భద్రతకు తీవ్రమైన ముప్పు రావడం. మహమ్మారి తెచ్చిన ఆర్థిక ఇబ్బంది ఆ కోవలోకి రాదని తేల్చి, ఓవర్‌టైమ్ వేతనాలు చట్టప్రకారం చెల్లించమంది.

ఆ తీర్పు ఒక్కటే చూసి ధీమాగా ఉండకండి. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన కోడ్‌లో, నిబంధనల నుంచి యజమానులకు ఇచ్చే మినహాయింపులకు కారణంగా 'మహమ్మారి' అనే మాటనే నేరుగా చేర్చారు. ఒక్కసారికి ఏడాదికి మించకుండా ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చు. కష్టపడి గెలిచిన రక్షణ ఇలా పలచబడటం నాకు బాధగానే ఉంది. అయినా ఆ మినహాయింపు రావాల్సింది ప్రభుత్వ నోటిఫికేషన్ రూపంలోనే. యజమాని నోటిమాటతో చట్టం ఆగదు. "ఏ నోటిఫికేషన్, ఏ తేదీది?" అని అడగండి.

అపోహ: లాక్‌డౌన్‌లో పూర్తి జీతం ఇవ్వాల్సిందే. లేదా, అసలేమీ ఇవ్వనక్కర్లేదు.

రెండూ తప్పే. కోతలు లేకుండా వేతనం ఇవ్వాలని కేంద్ర హోం శాఖ 2020 మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి దాన్ని ఉపసంహరించారు. ఆ మధ్యకాలపు వేతనాల గురించి యజమానులు, కార్మికులు చర్చించుకుని పరిష్కరించుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలో 'లే ఆఫ్' (పని చూపలేక తాత్కాలికంగా పక్కన పెట్టడం) ఎప్పుడూ ఉంది: 50 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండినవారికి పని చూపలేకపోతే మూలవేతనం, కరువుభత్యం మొత్తంలో సగం పరిహారంగా ఇవ్వాలి.

అపోహ: తీసేయించుకోవడం కన్నా రాజీనామా చేయడమే గౌరవం.

ఎక్కువమంది మునిగింది ఇక్కడే. రాజీనామా అంటే మీ ఇష్టంతో వెళ్లిపోయినట్టు. యాజమాన్యం తన అవసరం కోసం తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. అప్పుడు నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు వేతనం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. పదకొండేళ్లు పనిచేసిన ఒక మెషీన్ ఆపరేటర్ నా దగ్గరకు వచ్చాడు. 165 రోజుల వేతనాన్ని ఒక్క సంతకంతో వదులుకున్నాడని లెక్కవేసి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "అనుభవ పత్రం ఇవ్వం అని బెదిరించారండీ" అన్నాడు చివరికి. బెదిరింపును తర్వాత రుజువు చేయడం చాలా కష్టం. సంతకం తప్పకపోతే ఆ రోజే, ఒత్తిడితో చేశానని ఈమెయిల్ గానీ రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపండి. వారం గడిచాక పంపే ఉత్తరానికి ఆ బలం ఉండదు.

ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ రాజీనామా చేసినా వస్తుంది. దాన్నే పరిహారంగా చూపించి సంతకం అడిగితే నమ్మకండి.

ఈ పరిహారాలు 'కార్మికుడు' నిర్వచనంలోకి వచ్చేవారికే. అయితే హోదా పేరు కాదు, చేసే పని ముఖ్యం. కార్డు మీద 'ఎగ్జిక్యూటివ్' అని రాసి ఉన్నంత మాత్రాన ఆశ వదులుకోవద్దు.

అపోహ: వ్యాధి సోకి సెలవు పెడితే తీసేయవచ్చు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకం) అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగిని తొలగించడాన్ని, శిక్షించడాన్ని చట్టం నిషేధిస్తుంది. ఆ భృతి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. కోవిడ్‌తో చనిపోయిన ఈఎస్‌ఐ సభ్యుల కుటుంబాలకు సగటు వేతనంలో 90 శాతం పింఛనుగా ఇచ్చే ప్రత్యేక పథకం కూడా 2020 మార్చి 24 నుంచి కొంతకాలం నడిచింది. ఆ సంగతి తెలియక ఆలస్యంగా నన్ను అడిగిన ఒక భార్య ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అపోహ: టీకాను ఎవరైనా బలవంతంగా వేయించవచ్చు.

వేయించలేరు. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం 2022 మే 2న ఈ మాట స్పష్టంగా చెప్పింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని కూడా అదే తీర్పులో ఉంది.

అపోహ: ప్రమాదం ఉన్నా నోరెత్తకుండా పనిచేయాలి, లేదంటే మానేసి ఇంట్లో కూర్చోవాలి.

మూడో దారి ఉంది. ఆరోగ్యానికి తక్షణ ముప్పు ఉందని సహేతుకంగా భయపడే కార్మికులు ఆ విషయం యజమాని దృష్టికి తేవచ్చు. ఆయన వెంటనే చర్య తీసుకోవాలి. ముప్పు లేదనుకుంటే తనిఖీ అధికారికి నివేదించాలి. అప్పుడు ఆ అధికారి నిర్ణయమే అంతిమం. చెప్పకుండా మానేస్తే మాత్రం దాన్ని గైర్హాజరు కింద రాసేస్తారు. కాబట్టి ముందు రాతపూర్వకంగా ఇవ్వండి. నలుగురు కలిసి ఇస్తే మరీ మంచిది.

అపోహ: కాంట్రాక్టు కార్మికుడికి అడిగే దిక్కు లేదు.

కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలి. 2020లో కాంట్రాక్టర్లు ఫోను ఆపేసి మాయమైనప్పుడు గేటు దగ్గర నిలబడ్డ మనుషులకు ఈ ఒక్క నిబంధన చెప్పేవారు లేకపోయారు. గేటు పాసు, హాజరు పట్టీ ఫొటో, బ్యాంకులో పడ్డ జీతం వివరాలు ఉంటే చాలు, లేబర్ ఆఫీసులో ఫిర్యాదు మొదలుపెట్టవచ్చు. తొలగింపు వివాదమైతే కొత్త కోడ్ కింద గడువు రెండేళ్లు. పాత చట్టంలో ఉన్న మూడేళ్లు ఇక లేవు.