మూడో కుర్చీ పోయాక మొదలైన లెక్క

విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో టీయూ-142 లోపలికి వెళ్తే కుర్చీలు లెక్కపెట్టండి. 2017 దాకా నావికాదళంలో ఎగిరిన ఈ విమానంలో పైలట్లతో పాటు ఫ్లైట్ ఇంజనీరు, నావిగేటర్లు ఉండేవారు. ఈరోజు ఇదే ఊళ్లో దిగే ప్యాసింజర్ జెట్ కాక్‌పిట్‌లో ఇద్దరే. మిగతావాళ్ల పని కొంత కంప్యూటర్లకు వెళ్లింది, కొంత ఆ ఇద్దరి మెదడు మీద పడింది. ఎంత పడిందన్నదే అసలు తగువు. అమెరికాలో అది ముదిరి, చివరికి 1981లో అధ్యక్షుడు వేసిన టాస్క్‌ఫోర్స్ ఇద్దరు చాలని తేల్చింది.

మెదడు మీద పడే ఈ భారాన్ని కొలవడానికి మొదట్లో పైలట్‌నే అడిగేవారు. 1969 నాటి కూపర్-హార్పర్ స్కేలు విమానం చేతికి ఎంత లొంగుతోందో 1 నుంచి 10 లోపు చెప్పమంటుంది. 1988లో వచ్చిన నాసా టీఎల్ఎక్స్ అనే ప్రశ్నావళి పనిభారంలోని ఆరు అంశాలకు మార్కులు వేయిస్తుంది. రెండూ మంచివే. కానీ సాధారణంగా పని ముగిశాకే అడుగుతారు. ఇంజన్ ఆగిన 20 సెకన్లూ, ఆ తర్వాత నెమ్మదించిన 10 నిమిషాలూ ఒకే మార్కులో కలిసిపోతాయి. ఆ 20 సెకన్ల కోసమే సిమ్యులేటర్‌లోకి సెన్సర్లు వచ్చాయి.

ఎక్కువగా వాడేది ఈసీజీ. ఛాతీకి మూడు ఎలక్ట్రోడ్లు, సెకనుకు కనీసం 250 శాంపిళ్లు (రీడింగులు). భారం పెరిగితే సాధారణంగా గుండె వేగం పెరుగుతుంది, బీట్ల మధ్య వ్యవధిలో హెచ్చుతగ్గులు తగ్గుతాయి. 800 మిల్లీసెకన్లకోసారి కొట్టుకునే గుండెలో ఒక్క బీట్‌ను సాఫ్ట్‌వేర్ వదిలేసిందా, అక్కడ 1,600 పడుతుంది. హెచ్చుతగ్గులు అమాంతం పెరిగి, పైలట్ హాయిగా ఉన్నట్టు కనిపిస్తుంది. పని ముంచుకొచ్చినప్పుడే చేతులు, భుజాలు ఎక్కువ కదులుతాయి, ఎలక్ట్రోడ్ ఊడేదీ అప్పుడే. అందుకే పచ్చి సిగ్నల్‌ను కంటితో చూడకుండా లెక్క నమ్మకూడదు. రేడియోలో మాట్లాడినా శ్వాస మారి ఈ హెచ్చుతగ్గుల అంకె చెదురుతుంది. ఆ సమయాలు గుర్తు పెట్టుకోవాలి.

కంటిపాప కూడా భారాన్ని చెబుతుంది. గుర్తుంచుకోవాల్సిన అంకెలు పెరిగేకొద్దీ అది విచ్చుకుంటుందని 1966లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాహ్నమన్, బీటీ చూపించారు. అయితే సిమ్యులేటర్ తెరపై విమానం మబ్బులోంచి బయటపడగానే వెలుగు మారి కంటిపాప దానంతటదే మారిపోతుంది.

చెమటను కొలిచే సెన్సర్ వేళ్లకు పెడితే థ్రాటిల్ (ఇంజన్ శక్తిని మార్చే లివర్) పట్టుకోలేరు కాబట్టి పాదానికి పెడతారు. విశాఖ ఉక్కపోతలోంచి వచ్చిన మనిషిని ఏసీ గదిలో 20 నిమిషాలైనా ఆరనిచ్చి, ఆపైన 5 నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి బేస్‌లైన్, అంటే తర్వాత పోల్చుకోవడానికి మామూలు స్థాయి, తీయాలి. తొందరపడితే బేస్‌లైనే ఎత్తులో మొదలవుతుంది. ఒళ్లు ఆరుతున్న కొద్దీ, ఇంజన్ ఆగిన క్షణంలో కూడా గ్రాఫ్ కిందికే దిగుతుంటుంది.