రోటరీ ఇంజిన్‌పై అపోహలు, వాస్తవాలు: పాపమంతా సీళ్లదేనా?

రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజిన్) బండి నా దగ్గరికి వచ్చిందంటే ఓనరు ముందే తీర్పు చెప్పేస్తాడు, "ఎపెక్స్ సీళ్లు పోయుంటాయండీ" అని. రోటర్ మూలల్లో ఉండి, చుట్టూ ఉన్న గోడకు ఆనుకుని గ్యాస్ లీకవకుండా ఆపే సన్నని పట్టీలే ఈ సీళ్లు. చాలాసార్లు జబ్బు ఇంకెక్కడో ఉంటుంది.

అపోహ: ఈ ఇంజిన్ దాన్ని కనిపెట్టిన జర్మన్ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ గీసింది గీసినట్టే ఉంది.
వాస్తవం: 1957లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీలో తొలిసారి నడిచిన ఇంజిన్‌లో రోటరూ, దాని చుట్టూ ఉన్న హౌసింగూ రెండూ తిరిగేవి. ప్లగ్గు మార్చాలన్నా ఇంజిన్ విప్పాల్సిందే! హౌసింగ్‌ను కదలకుండా నిలిపింది అక్కడి ఇంజినీరు హాన్స్ డీటర్ పాష్కే. వాంకెల్‌కు అది నచ్చలేదు. కార్లలోకి వచ్చింది మాత్రం పాష్కే పద్ధతే.

అపోహ: మీటర్లో 9,000 ఆర్‌పీఎం అంటే రోటర్ కూడా అంతే వేగంగా తిరుగుతోంది.
వాస్తవం: అది ఇంజిన్ శక్తిని బయటికి అందించే షాఫ్ట్ వేగం. రోటర్ తిరిగేది 3,000 మాత్రమే.

అపోహ: సీళ్ల సమస్యకు ఇప్పటికీ మందు లేదు.
వాస్తవం: మొదట్లో నిజంగానే లేదు. జపాన్ కంపెనీ మాజ్డాలో కెనిచి యమమోటో బృందం నడిపిన తొలి ఇంజిన్లలో హౌసింగ్ గోడ మీద అలలు అలలుగా గీతలు పడేవి. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు దెయ్యపు గోటి గీతలు. సీల్ అరుగుదల కన్నా దాని కంపనమే అసలు కారణమని తేలింది. సీల్ లోపల రంధ్రాలు చేసి కంపనం తీరు మార్చారు, చివరికి కార్బన్-అల్యూమినియం సీళ్లతో 1967లో తమ కారు కాస్మో స్పోర్ట్‌ను అమ్మకానికి తెచ్చారు. అదే ఏడాది వచ్చిన ఎన్‌ఎస్‌యూ ఆర్ఓ 80 కారు సీళ్లు మాత్రం త్వరగా పోయి, వారంటీ ఖర్చులు కంపెనీ నడ్డి విరిచాయి. మాజ్డాకు మందు దొరికిందనడానికి సాక్ష్యం, 1991లో 24 గంటల లె మాన్ రేసు గెలిచిన వాళ్ల 787బీ కారు; దాన్లో ఉన్నది నాలుగు రోటర్ల ఇంజినే.

ఇప్పుడు సీళ్లు పోతే ముందు ఓవర్‌హీటింగ్, నాకింగ్ (పెట్రోలు వేళకాని వేళ పేలడం), ఆయిల్ సరిగ్గా అందకపోవడం చూడండి. కంప్రెషన్ టెస్ట్‌కు మామూలు గేజ్ పెట్టకండి. రోటర్‌కున్న మూడు ముఖాల్లో బాగున్న దాని రీడింగే చూపించి మోసం చేస్తుంది. మూడూ విడివిడిగా చూపే టెస్టర్ కావాలి.

అపోహ: ఆయిల్ తాగుతోందంటే ఇంజిన్ పోయినట్టే.
వాస్తవం: సీళ్లు ఎండిపోకుండా పంపు కొద్దికొద్దిగా ఆయిల్ వదులుతుంది, అది కాలిపోతుంది. అలా కట్టిన ఇంజినే ఇది. అస్సలు తాగకపోతేనే నాకు టెన్షన్.

అపోహ: మంచి ట్యూనింగ్ చేస్తే మైలేజీ వస్తుంది.
వాస్తవం: కొంత వస్తుంది, అంతే. పెట్రోలు మండే గది సన్నగా, పొడవుగా ఉంటుంది, పైగా కదులుతూ ఉంటుంది. వేడి గోడలకు పోతుంది, మంట చివరిదాకా చేరదు. రోటర్‌కు రెండు ప్లగ్గులు పెట్టినా ఇంతే. మాజ్డా ఆర్ఎక్స్-8 కారులో ఎగ్జాస్ట్ పోర్టులను (పొగ బయటికి పోయే దారులను) పక్క గోడలకు మార్చాక పొగలో కాలని ఇంధనం తగ్గింది కానీ గది ఆకారం మారలేదు. 2012లో ఆ కారు ఆగిపోయింది.

అపోహ: దాంతో రోటరీ కథ ముగిసింది.
వాస్తవం: 2023లో మాజ్డా ఎంఎక్స్-30లో 830 సీసీ ఒంటి రోటర్ ఇంజిన్ పెట్టారు. అది చక్రాలు తిప్పదు, జనరేటర్‌గా కరెంటు మాత్రం తయారుచేస్తుంది. చిన్నది, తేలికైనది, వణుకు తక్కువ కాబట్టి, నన్నడిగితే దానికి తగిన పని ఇదే.