రాగి రేకు అడుగున దాగిన నష్టం

5జీ వచ్చి 28 గిగాహెర్ట్జ్, కారు రాడార్లు వచ్చి 77 గిగాహెర్ట్జ్ మామూలయ్యాక పాత ఫిర్యాదు మళ్లీ మొదలైంది: ఖరీదైన ల్యామినేట్ (సర్క్యూట్ బోర్డు పలక) వాడినా మైక్రోస్ట్రిప్‌లో, అంటే ఇన్సులేటర్ పైన రాగి పట్టీ, కింద గ్రౌండ్ రేకు ఉండే లైనులో, సిగ్నల్ నష్టం లెక్కకన్నా ఎక్కువ వస్తోంది. చాలాసార్లు అందుకు కారణం రాగి రేకు. ఈ సంగతి మైక్రోస్ట్రిప్ పుట్టకముందే తెలుసు. గరుకు లోహంపై ప్రవాహం ఎంత అదనంగా నష్టపోతుందో బెల్ ల్యాబ్స్‌కు చెందిన మోర్గాన్ 1949లోనే లెక్కగట్టారు.

ఐటీటీ ప్రయోగశాల ఇంజనీర్లు గ్రీగ్, ఎంగెల్‌మన్ మైక్రోస్ట్రిప్‌ను ప్రకటించింది 1952లో. అప్పటికి తరంగాలను నడిపించే బోలు లోహపు గొట్టం, వేవ్‌గైడ్‌దే రాజ్యం. 10 గిగాహెర్ట్జ్ దగ్గర రాగి గైడ్‌లో మీటరుకు పోయేది 0.1 డీబీ (డెసిబెల్, సిగ్నల్ తగ్గుదల కొలత) చిల్లర. దాని పక్కన, మలుపు తిరిగిన చోటల్లా రేడియేషన్ వెదజల్లే ఈ తెరిచిన లైను ఎవరికీ పెద్దగా ఆనలేదు. 1960లలో అల్యూమినా (పింగాణీ లాంటి ఇన్సులేటర్) పలకలు వచ్చాకే నిలదొక్కుకుంది. 1968లో రేథియాన్‌కు చెందిన ప్యూసెల్, మాసే, హార్ట్‌విగ్ వాహక నష్టానికి (లోహంలో పోయేదానికి) సూత్రాలిచ్చారు. అవి నున్నటి లోహానికి.

డైఎలక్ట్రిక్ (రాగి పొరల మధ్య ఇన్సులేటర్) నష్టం ఫ్రీక్వెన్సీతో పాటే పెరుగుతుంది, వాహక నష్టం దాని వర్గమూలంతో. అందుకే తొలి వేటు మామూలు బోర్డుల గాజునార ల్యామినేట్ ఎఫ్‌ఆర్-4 మీద పడింది. దాని టాన్ డెల్టా (ఇన్సులేటర్‌లో నష్టం ఎంతో చెప్పే అంకె) 0.02 అనుకుంటే 10 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్క డైఎలక్ట్రిక్‌లోనే సెంటీమీటరుకు దాదాపు 0.3 డీబీ పోతుంది. 0.0037 ఉన్న ఆర్‌ఓ4350బీ అనే హై ఫ్రీక్వెన్సీ ల్యామినేట్‌కు మారితే అది 0.05 డీబీకి దిగుతుంది. అప్పుడు రాగి బయటపడుతుంది: 0.25 మి.మీ. మందంలో 50 ఓమ్‌ల ట్రేస్‌కు (రాగి పట్టీకి) నున్నటి రాగి నష్టమే సుమారు 0.08 డీబీ.

అసలు రాగి నున్నగా ఉండదు. ల్యామినేట్‌కు గట్టిగా అతుక్కోవడానికి రేకు అడుగు ముఖాన్ని కావాలనే గరుకు చేస్తారు. నున్నటి రేకు వేస్తే రీవర్క్‌లో (భాగాలను తీసి మళ్లీ అతికేటప్పుడు) ప్యాడ్, అంటే సోల్డర్ చేసే రాగి ముక్క, ఊడొస్తుందన్న భయం ఉత్తిది కాదు. చిక్కల్లా, మైక్రోస్ట్రిప్‌లో ప్రవాహం ఎక్కువగా నడిచేది గ్రౌండ్ వైపు చూసే ఆ ముఖంలోనే. 10 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్ (ప్రవాహం పైపొరలో ఎంత లోతున నడుస్తుందో ఆ లోతు) 0.66 మైక్రాన్లు, 77 దగ్గర 0.24. హామర్‌స్టాడ్, జెన్సెన్ 1980లో ఇచ్చిన సూత్రం ప్రకారం, 10 గిగాహెర్ట్జ్ దగ్గర 2 మైక్రాన్ల ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) గరుకు వాహక నష్టాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. 0.3 మైక్రాన్లైతే 18 శాతమే పెంచుతుంది. ఆ సూత్రం రెట్టింపు దాటి పోనే పోదు, కొలతలు మాత్రం దాటిపోయాయి. అందుకే తర్వాత రాగి ముద్దలను గోళాల గుట్టగా లెక్కించే హ్యూరే నమూనా వచ్చింది.

పైపూత సంగతి చాలామంది మరిచిపోతారు. ఎనిగ్ అనే బంగారు పూతలో బంగారం కింద 3 నుంచి 6 మైక్రాన్ల నికెల్ ఉంటుంది. దాని నిరోధకత రాగికి ఎన్నో రెట్లు. ప్రవాహం కిక్కిరిసే ట్రేస్ అంచులను అదే కప్పుతుంది. ఇమ్మర్షన్ సిల్వర్‌తో (పలుచని వెండి పూతతో) ఈ బెడద బాగా తక్కువ. సోల్డర్ మాస్క్‌నూ (బోర్డు మీది రక్షణ పూతనూ) ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ట్రేస్ మీద నుంచి తీసేయడమే మంచిది.

నష్టం కొలవాలంటే ఒకే బోర్డు మీద ఒకే వెడల్పుతో ఒక పొట్టి లైను, ఒక పొడవాటి లైను వేసి, రెండింటికీ ఒకే కనెక్టర్లు వాడాలి. రెండు ఎస్21 (లైను దాటి అవతలికి చేరిన సిగ్నల్ కొలత, డీబీలో) రీడింగుల తేడాను పొడవుల తేడాతో భాగిస్తే కనెక్టర్ల నష్టం కొట్టుకుపోతుంది. ఫ్యాబ్ డ్రాయింగ్‌లో (బోర్డు తయారీదారుకిచ్చే నక్షాలో) ల్యామినేట్ పేరుతో ఆగకుండా రేకు రకమూ రాయాలి. లేకపోతే అదే ల్యామినేట్ వేరే రేకుతో వచ్చి, రెండో బ్యాచ్ కొలతలు మొదటిదానితో కలవవు.