మైదానం అంచు నుంచి: కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌పై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ (హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని ఢీకొంటూ ఆడే ఆట) జట్టుకు అథ్లెటిక్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. గాయపడినవారిని చూసుకోవడం, ఎవరు మళ్లీ ఎప్పుడు ఆడవచ్చో డాక్టర్‌తో కలిసి తేల్చడం నా పని. ఆట చూడటానికి వచ్చే తెలుగు కుటుంబాల నుంచి పదే పదే వినే మాటలు ఇవి.

అపోహ: సీజన్ అంటే ఆగస్టు చివర నుంచి నవంబరు చివర వరకు జరిగే శనివారం ఆటలు.

వాస్తవం: టీవీలో ఎక్కువగా కనిపించే భాగం అది. మా పని ఆగస్టు మొదట్లో, ఎండ మండుతుండగా మొదలవుతుంది. ఒళ్లు వేడికి అలవాటు పడాలని మొదటి రెండు రోజులు హెల్మెట్ తప్ప వేరే రక్షణ సామగ్రి వేయనివ్వం. భుజాల ప్యాడ్లు, మిగతావి అంచెలంచెలుగా వస్తాయి. మైదానం పక్కనే మంచునీళ్ల తొట్టి సిద్ధంగా ఉంటుంది. వడదెబ్బ తగిలి కుర్రాడి మాట తడబడితే ముందు ఆ తొట్టిలో మెడ వరకు ఉంచి ఒళ్లు చల్లబరచాలి, ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాతే. నీడలో పడుకోబెట్టి అంబులెన్స్ కోసం ఎదురుచూడటమే చాలామందికి తోచే పని. ప్రాణం మీదికి తెచ్చేవి ఆ నిమిషాలే.

అపోహ: ఒక్క ఆట ఓడితే ఆ ఏడు పోయినట్టే.

వాస్తవం: ఒకప్పుడు ఒక్క ఓటమి కూడా పెద్ద ముప్పే. 2024లో ప్లేఆఫ్‌ను (జాతీయ విజేతను తేల్చే చివరి పోటీలను) 4 జట్ల నుంచి 12 జట్లకు పెంచారు. ఆ సీజన్‌లోనే ఒహాయో స్టేట్ రెండు ఆటలు ఓడి కూడా, చివరికి నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ విజేత అయింది. అభిమానులకు అది పండగ. నా లెక్క వేరు: ఆ కుర్రాళ్లు మొత్తం 16 ఆటలు ఆడారు. దెబ్బతిన్న భుజాలు, మోకాళ్లు మానడానికి దొరికే రోజులు ఆ మేరకు తగ్గాయి.

అపోహ: మంచి హెల్మెట్ ఉంటే తలకు భయం లేదు.

పుర్రె పగలకుండా హెల్మెట్ కాపాడుతుంది. లోపల మెదడు కదలికను మాత్రం పూర్తిగా ఆపలేదు. కురిడీ కాయను ఊపితే లోపలి కొబ్బరి కదిలినట్టు, పైన గీత కూడా పడకుండానే లోపల దెబ్బ తగులుతుంది.

అపోహ: స్పృహ తప్పితేనే కంకషన్ (దెబ్బ తగిలి మెదడు పనితీరు చెదరడం).

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే నమ్మకం ఇది. కంకషన్ అయినవారిలో ఎక్కువమంది స్పృహ తప్పరు. ఒక శనివారం మా లైన్‌బ్యాకర్ (ఎదుటి జట్టును అడ్డుకునే ఆటగాడు) ఒకడు గట్టిగా ఢీకొన్నాక తనంతట తానే లేచి నడిచి వచ్చాడు. "ఇప్పుడు ఎన్నో క్వార్టర్? చివరగా పాయింట్లు ఎవరు చేశారు?" అని అడిగాను. జవాబు చెప్పే ముందు స్కోరుబోర్డు వైపు తల తిప్పాడు. వెంటనే అతని హెల్మెట్ తీసుకుని చంకలో పెట్టుకున్నాను. హెల్మెట్ లేనిదే మైదానంలోకి దిగలేడు కాబట్టి ఈ వృత్తిలో చాలామందిమి అదే చేస్తాం. "నాకేమీ కాలేదు, ఇచ్చేయండి" అంటూ ఆట ముగిసేదాకా నా వెంటే తిరిగాడు. కంకషన్ అని తేలినవారిని అదే రోజు మళ్లీ ఆడించకూడదని 2010 నుంచి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) నియమం.

అతనికి నొప్పికన్నా భయం ఎక్కువ, తన చోటు ఇంకొకరికి పోతుందని. మంగళవారం అతనే వచ్చి, తరగతిలో తెర మీది అక్షరాలు చూస్తుంటే తల పగిలిపోతోందని చెప్పాడు. మళ్లీ ఆటకు రావడం మెట్టు మెట్టుగానే: ముందు చదువు, తర్వాత వ్యాయామ సైకిల్, పరుగు, ఢీకొనడం లేని సాధన. తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు కిందికి. రెండు ఆటలకు అతను దూరమయ్యాడు. మూడో శనివారం, డాక్టర్ సంతకం చేశాక, హెల్మెట్ నేనే అతని చేతికిచ్చాను.